క్లాస్ గ్రూపులో పిల్లలు ఎందుకు మాట్లాడరు?

2020 మార్చిలో బడులు మూతపడ్డాక తెలుగు రాష్ట్రాల హైస్కూళ్లలో ఎవరూ పెద్దగా చర్చించకుండానే ఒక మార్పు జరిగిపోయింది. దాదాపు ప్రతి సెక్షన్‌కీ ఒక వాట్సాప్ గ్రూపు పుట్టింది. తెలంగాణలో ఆ ఏడాది సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లలో పాఠాలు మొదలయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో దూరదర్శన్ సప్తగిరిలో వచ్చాయి. టీవీలో పాఠం అయితే వస్తుంది కానీ వర్క్‌షీట్ పంపాలన్నా, పిల్లలు రాసింది చూడాలన్నా టీచర్లకు చేతిలో ఉన్నది వాట్సాపే. దేశమంతా ఇదే పరిస్థితి. ఆ సెప్టెంబర్‌లో, పిల్లల చదువుల మీద దేశవ్యాప్తంగా సర్వేలు చేసే అసర్ సంస్థ బృందాలు గ్రామీణ కుటుంబాలకు ఫోన్ చేసి అడిగితే, అంతకు ముందు వారంలో బడి నుంచి ఏదో ఒక పాఠ్యసామగ్రి అందిన పిల్లలు సుమారు మూడోవంతు అని తేలింది. అలా అందినవాళ్లలో ఎక్కువమందికి అది వాట్సాప్‌లోనే వచ్చింది.

బడులు మళ్లీ తెరిచాక టీవీ పాఠాలు వెనకబడ్డాయి. గ్రూపులు మాత్రం ఉండిపోయాయి. ఇప్పుడు ఏ హైస్కూల్లో చూసినా పదో తరగతికి ఒక గ్రూపు, తల్లిదండ్రులకు ఒక గ్రూపు, స్టాఫ్‌కు రెండు మూడు గ్రూపులు ఉంటాయి. అందుకే 'సోషల్ నెట్‌వర్క్‌ను చదువుకు వాడాలా వద్దా' అన్న ప్రశ్నకు కాలం చెల్లింది. వాడుతూనే ఉన్నాం. అసలు ప్రశ్న ఆ గ్రూపుల్లో చదువు జరుగుతోందా అన్నది. నిజాయితీగా చెప్పుకుంటే, చాలా గ్రూపుల్లో జరగడం లేదు. జరిగేది సమాచారం చేరవేయడం. రేపు స్లిప్ టెస్ట్, ఎల్లుండి సెలవు, ఈ పీడీఎఫ్ ప్రింట్ తీసుకోండి, ఫలానా ఫారం శనివారంలోగా ఇవ్వాలి. ఇవన్నీ అవసరమైన సంగతులే. కానీ పిల్లవాడు ఆ గ్రూపులో ఉండటం వల్ల సైన్సులో కొత్తగా నేర్చుకున్నది ఏముంది అని అడిగితే జవాబు దొరకడం కష్టం.

కారణం పిల్లల బద్ధకం అనో టీచర్ల అశ్రద్ధ అనో తేల్చేయడం తేలిక. ఒక సాధారణ క్లాస్ గ్రూపు ఎలా ఉంటుందో కాస్త దగ్గరగా చూస్తే వేరే కారణాలు కనిపిస్తాయి. మొదటిది, ఆ గ్రూపులో ఉన్న నంబర్లలో ఎక్కువ పిల్లలవి కావు. నాన్నది, అమ్మది, ఒక్కోసారి బాబాయిది. నాన్న పొలానికో డ్యూటీకో ఫోన్ తీసుకుపోతే ఆ పిల్లవాడికి రాత్రి తొమ్మిది దాకా గ్రూపు లేనట్టే. రెండోది, అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా మార్చే సదుపాయాన్ని వాట్సాప్ 2018లో తెచ్చింది. గుడ్ మార్నింగ్ ఫొటోలు, ఫార్వర్డ్ వీడియోలు, పుట్టినరోజు శుభాకాంక్షలు ముంచెత్తుతుంటే విసిగిపోయి టీచర్లు ఆ బటన్ నొక్కేశారు. వాళ్లను తప్పుపట్టలేం. కానీ దానితో పిల్లల నోరు కూడా మూతపడింది. మూడోది అన్నిటికంటే పెద్దది. గ్రూపు తెరిచే ఉన్నా, నలభైమంది తోటి పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు, హెచ్ఎంతో సహా అందరూ చూస్తుండగా 'సార్, ఇది నాకు అర్థం కాలేదు' అని రాయడానికి పద్నాలుగేళ్ల పిల్లకు ఎంత ధైర్యం కావాలి? తరగతిలో చెయ్యెత్తితే ఆ క్షణం గడిచిపోతుంది. ఇక్కడ ఆ మాట స్క్రీన్ మీద ఉండిపోతుంది. ఎవరో స్క్రీన్‌షాట్ తీస్తారేమోనన్న భయం పిల్లలకు పెద్దలకంటే ఎక్కువే ఉంటుంది.

కాబట్టి డౌట్లు వేరే చోటికి పోతాయి. పెద్దలెవరూ లేని చిన్న గ్రూపులు పిల్లలు తమంతట తాము పెట్టుకుంటారు. ఐదుగురో ఎనిమిదిమందో స్నేహితులు, ఎవరికీ తెలియని సరదా పేరు. నిజమైన సోషల్ నెట్‌వర్క్ అదే. పరీక్షల ముందు రాత్రి అక్కడ చదువు కూడా గట్టిగానే నడుస్తుంది. ఇంపార్టెంట్ ప్రశ్నలు తిరుగుతాయి, బిట్ల జవాబులు తిరుగుతాయి, ఎవరో ఒకరి నోట్సు ఫొటో అందరికీ చేరుతుంది. అయితే ఈ తిరుగుడులో నేర్చుకోవడం ఎంత, ఎక్కించుకోవడం ఎంత అన్నది విడదీసి చూడాలి.

పదో తరగతి గణితంలో శ్రేఢుల పాఠం తీసుకుందాం. 7, 11, 15, ... అనే అంకశ్రేఢిలో 20వ పదం కనుక్కోమన్నారు. ఒక అమ్మాయి 7కు 20 సార్లు 4 కలిపి 87 అని రాసింది. తప్పని తెలుసు, ఎందుకు తప్పో తెలియదు. గ్రూపులో అడిగింది. నిమిషంలో ఎవరో ఫొటో పంపారు. అందులో సూత్రం ఉంది, 7 + 19 × 4 = 83 అని లెక్క ఉంది. ఆమె దాన్ని నోట్సులోకి ఎక్కించుకుంది. హోంవర్క్ సరైంది. మర్నాడు అదే లెక్క వేరే అంకెలతో ఇస్తే మళ్లీ అదే తప్పు చేసే అవకాశం నిండుగా ఉంది. ఎందుకంటే 20వ పదానికి 19 సార్లే ఎందుకు కలపాలి అన్నది ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఆమె అడగనూ లేదు.

ఇదే గ్రూపులో ఇంకో రకంగా జరిగి ఉండొచ్చు. ఆమె తన తప్పు లెక్కను ఫొటో తీసి పెట్టి, 'నేను ఇలా చేశాను, ఎక్కడ తేడా వచ్చింది?' అని అడిగితే, మామూలుగా లెక్కల్లో ముందుండని పిల్లవాడు కూడా జవాబు చెప్పగలడు. 'రెండో పదానికి ఒక్కసారే కలిపావు కదా, మూడో పదానికి రెండుసార్లు. అలా చూసుకుంటూ వెళ్లు.' ఈ రెండు వాక్యాలు సూత్రం ఉన్న ఫొటోకంటే ఎక్కువ పని చేస్తాయి. చెప్పినవాడికి కూడా అవి మేలు చేస్తాయి. మాటల్లో పెట్టి చెప్పాల్సి వచ్చినప్పుడే తనకు ఎంత తెలుసో మనిషికి తెలుస్తుంది. రష్యన్ మనస్తత్వ శాస్త్రవేత్త లెవ్ వైగోట్‌స్కీ 1930ల్లో చెప్పినది కూడా దీనికి దగ్గరి మాటే. పిల్లవాడు ఒంటరిగా చేయగలిగిన దానికీ, కాస్త ఎక్కువ తెలిసినవాళ్ల తోడుతో చేయగలిగిన దానికీ మధ్య ఒక జాగా ఉంటుందనీ, నేర్చుకోవడం అక్కడే జరుగుతుందనీ ఆయన అన్నాడు. ఆ తోడు టీచరే కానక్కర్లేదు. పక్క బెంచీ పిల్లవాడైనా సరిపోతాడు.

అంటే నెట్‌వర్క్ చదువు చోటుగా మారాలంటే యాప్ మారడం కంటే ముందు మూడు విషయాలు తేలాలి. అక్కడ ఎవరు మాట్లాడొచ్చు? ఎవరు చూస్తారు? మాట్లాడినది ఎక్కడ, ఎలా మిగులుతుంది? ఈ మూడింటినీ ముందే ఆలోచించి కట్టిన నెట్‌వర్క్‌లు ప్రపంచంలో ఉన్నాయి. వాటిలో స్క్రాచ్ గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో మిచెల్ రెస్నిక్ బృందం 2007 మేలో స్క్రాచ్‌ను జనంలోకి తెచ్చింది. రంగురంగుల బ్లాకులను ఒకదానికొకటి తగిలించి ఆటలు, కథలు, బొమ్మలు తయారు చేసే ప్రోగ్రామింగ్ భాషగా దాన్ని మన దగ్గర కూడా చాలా బడుల్లో నేర్పుతున్నారు. అయితే స్క్రాచ్‌లో సగం భాష అయితే మిగతా సగం సోషల్ నెట్‌వర్క్. మన బడుల్లో మొదటి సగమే చెప్పి వదిలేస్తున్నారు. పిల్లవాడు చేసిన ఆటను వెబ్‌సైట్‌లో పెడితే ప్రపంచంలో ఎవరైనా ఆడొచ్చు, కామెంట్ రాయొచ్చు, లోపలికి వెళ్లి అది ఎలా పని చేస్తుందో బ్లాకు బ్లాకుగా చూడొచ్చు. దాన్ని తీసుకుని మార్చి తన ఆటగా కూడా పెట్టుకోవచ్చు. దీన్ని రీమిక్స్ అంటారు. మొదట చేసినవాళ్ల పేరు దాని మీద ఆటోమేటిక్‌గా పడుతుంది. ఇద్దరి మధ్య ప్రైవేట్ మెసేజ్ పంపుకునే వీలు మాత్రం అక్కడ లేదు. మాటలన్నీ అందరికీ కనిపించే చోటే నడవాలి. హద్దు దాటిన కామెంట్ల మీద రిపోర్ట్ కొట్టొచ్చు, చూసుకునే మోడరేటర్లు ఉంటారు.

ఇక్కడ పరిశోధకులకు ఎదురైన ఒక అనుభవం మన క్లాస్ గ్రూపులకు బాగా పనికొస్తుంది. రీమిక్స్ మొదలైన కొత్తలో 'నాది కాపీ కొట్టాడు' అన్న ఫిర్యాదులు వెల్లువెత్తాయి. అందుకే సిస్టమే అసలు రచయిత పేరు వేసే ఏర్పాటు చేశారు. అయినా పిల్లలకు పూర్తిగా తృప్తి కలగలేదు. ఆ సైట్‌ను కట్టిన ఆండ్రెస్ మోన్రాయ్-హెర్నాండెజ్, ఆయన సహచరులు దీన్ని పరిశీలించి 2011లో ఒక పరిశోధన పత్రం వెలువరించారు. కంప్యూటర్ దానంతటదే వేసే పేరుకంటే, తీసుకున్న పిల్లవాడు స్వయంగా 'ఇది ఫలానావాళ్లది, వాళ్లకు థాంక్స్' అని రాస్తేనే పిల్లలు దాన్ని నిజమైన గుర్తింపుగా భావిస్తున్నారని తేలింది. మన పిల్లల గ్రూపుల్లో తిరిగే నోట్సు ఫొటోలకు ఎవరి పేరూ ఉండదు. రాత్రంతా కూర్చుని రాసిన పిల్ల పేరు రెండో ఫార్వర్డ్‌కే మాయమైపోతుంది. తెలివిగల పిల్లలు మెల్లగా పంచుకోవడం మానేస్తారు. 'ఈ పద్ధతి నాకు ఫలానా అమ్మాయి చెప్పింది' అని రాసే అలవాటు ఒక్కటి పెంచగలిగితే పంచుకోవడం పెరుగుతుంది, కాపీ తగ్గుతుంది. దానికి రూపాయి ఖర్చు లేదు, కొత్త యాప్ అక్కర్లేదు.

బడి కోసమే కట్టిన నెట్‌వర్క్ కదా అని గుడ్డిగా నమ్మడానికి మాత్రం వీల్లేదు. ఎడ్మోడో కథ ఆ విషయం చెబుతుంది. 2008లో అమెరికాలో మొదలైన ఎడ్మోడో చూడటానికి ఫేస్‌బుక్‌లా ఉండేది. టీచర్ ఇచ్చిన కోడ్ ఉన్నవాళ్లే తరగతిలోకి రాగలిగేవారు. అసైన్‌మెంట్లు, క్విజ్‌లు, చర్చలు అన్నీ అక్కడే. మన దేశంలోనూ కొన్ని ప్రైవేట్ స్కూళ్లు వాడాయి. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఈజిప్టు ప్రభుత్వం దేశవ్యాప్తంగా తన బడులకు దీన్నే ఎంచుకుంది. కానీ ఉచితంగా ఇచ్చే సేవకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్న మొదటి నుంచీ వెంటాడుతూనే ఉంది. 2017లో దాదాపు 7.7 కోట్ల ఖాతాల సమాచారం దొంగల చేతికి చిక్కింది. 2018లో చైనా కంపెనీ నెట్‌డ్రాగన్ దాన్ని కొనుక్కుంది. 2022 సెప్టెంబర్‌లో మూతపడింది. ఆ మరుసటి ఏడాది అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, పిల్లల సమాచారాన్ని తల్లిదండ్రుల అనుమతి లేకుండా సేకరించి ప్రకటనలకు వాడుకున్నారనీ, చట్టం పాటించాల్సిన భారాన్ని బడుల మీదికి నెట్టారనీ ఎడ్మోడో మీద 60 లక్షల డాలర్ల జరిమానా ఖరారు చేసింది. కంపెనీకి కట్టే స్థోమత లేదని ఆ వసూలును నిలిపివేశారు. ఈలోగా ఏళ్లతరబడి అక్కడ పోగైన తరగతి చర్చలకు, పిల్లల పనికి వేరే చోటు వెతుక్కోవాల్సి వచ్చింది. ఏ ప్లాట్‌ఫామ్‌ను ఎంచుకున్నా పిల్లల పనిని తిరిగి బయటికి తీసుకోవడం ఎలాగో మొదటి రోజే అడగాలి.

టీచరుకూ పిల్లలకూ మధ్య గీత ఎక్కడ గీయాలన్నది ఇంకా చిక్కు విషయం. పిల్లల మీద వేధింపులు జరిగిన ప్రతిసారీ 'ఫోన్లలో టీచర్లు పిల్లలతో మాట్లాడటమే నిషేధించండి' అన్న డిమాండ్ వస్తుంది. ఆ ఆందోళన పూర్తిగా న్యాయమైనది. అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రం 2011లో సరిగ్గా ఆ పనే చేసింది. విద్యార్థులతో విడిగా మాట్లాడుకునే వీలున్న సోషల్ నెట్‌వర్క్‌లను టీచర్లు వాడకూడదని చట్టంలో రాసింది. చిన్నప్పుడు టీచర్ చేతిలో వేధింపులకు గురైన ఒక మహిళ పేరు ఆ చట్టానికి పెట్టారు. ఉద్దేశం మంచిదే. కానీ రాసిన తీరు ఎంత విశాలంగా ఉందంటే, టీచర్ అయిన తల్లి తన సొంత కొడుక్కి మెసేజ్ పెట్టినా తప్పయ్యేలా ఉంది. చట్టం అమల్లోకి రావడానికి రెండు రోజుల ముందు ఆగస్టు 26న కోర్టు దాన్ని ఆపింది. అక్టోబర్ నాటికి శాసనసభే ఆ భాగాన్ని తీసేసి, ప్రతి స్కూల్ డిస్ట్రిక్టూ (అక్కడ స్థానికంగా బడులను నడిపే విభాగం) తన నియమాలు తానే రాసుకోవాలని చెప్పింది. మరుసటి ఏడాది న్యూయార్క్ నగర విద్యాశాఖ ఇంకా ఆచరణీయమైన దారి పట్టింది. టీచర్లు పర్సనల్ ఖాతాల నుంచి విద్యార్థులకు ఫ్రెండ్ రిక్వెస్టులు పంపకూడదు, వాళ్లవి ఒప్పుకోకూడదు. చదువు కోసం వేరే ఖాతా పెట్టుకోవచ్చు, అది బడికి కనిపించేలా ఉండాలి.

మన దగ్గర చాలా బడుల్లో దీని మీద రాతపూర్వక నియమమే ఉండదు. అదే ప్రమాదకరం. నియమం లేనప్పుడు మంచి టీచరు భయంతో పూర్తిగా తప్పుకుంటారు, చెడు ఉద్దేశం ఉన్నవాళ్లకు అడ్డు ఉండదు. ఒక విద్యార్థితో ఒక పెద్ద మనిషి విడిగా చాట్ చేయకూడదు. ప్రతి గ్రూపులో కనీసం ఇద్దరు టీచర్లు ఉండాలి. అడ్మిన్‌గా హెచ్ఎం ఎప్పుడైనా చూడగలగాలి. రాత్రి ఎనిమిది తర్వాత గ్రూపు మూసేయాలి. పిల్లల ఫొటోలు, మార్కుల జాబితాలు అందులో పెట్టకూడదు. ఇవి ఒక్క కాగితం మీద రాసి, మొదటి పేరెంట్స్ మీటింగ్‌లో చదివి వినిపిస్తే సగం గొడవలు పుట్టవు. మార్కుల జాబితా గురించి ప్రత్యేకంగా చెప్పాలి. స్లిప్ టెస్ట్ మార్కులు పేర్లతో సహా అందరి తల్లిదండ్రులున్న గ్రూపులో పెట్టడం చాలాచోట్ల మామూలైపోయింది. వెనకబడిన పిల్లకు ఆ సాయంత్రం ఇంట్లో ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. అవమానపడిన చోట ఏ పిల్లా మర్నాడు డౌట్ అడగదు.

ఈ మొత్తం విషయంలో ఆడపిల్లల సంగతి పక్కన పెట్టి మాట్లాడితే అంతా గాలిమాటే అవుతుంది. 2023లో అసర్ సంస్థ గ్రామీణ ప్రాంతాల్లో 14 నుంచి 18 ఏళ్ల వాళ్లను సర్వే చేసింది. దాదాపు 90 శాతం ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది. దాన్ని వాడటం వచ్చిన అబ్బాయిల్లో 43.7 శాతం మందికి సొంత ఫోన్ ఉంటే, అమ్మాయిల్లో అది 19.8 శాతమే. అంటే ఫోన్ ఇంట్లో ఉండటం వేరు, ఆ పిల్ల చేతిలో ఉండటం వేరు. తమ్ముడికి అడగకుండా దొరికే ఫోన్ అక్కకు అడిగితే కూడా దొరకదు. దొరికినా పక్కన ఎవరో కూర్చుని చూస్తుంటారు. పిల్లలు పెట్టుకునే సొంత గ్రూపుల్లో అబ్బాయిల గ్రూపులు జోరుగా నడవడానికి, అమ్మాయిలు చాలామంది వాటి బయటే ఉండిపోవడానికి ఇదే కారణం. చదువులో ముందున్న అమ్మాయిలు సైతం ఆ సంభాషణకు దూరమవుతారు. 2019 సెప్టెంబర్‌లో కేరళ హైకోర్టు ముందుకు ఇలాంటి కేసే వచ్చింది. కోజికోడ్ జిల్లాలో ఒక కాలేజీ లేడీస్ హాస్టల్ సాయంత్రం వేళల్లో ఫోన్ల మీద నిషేధం పెట్టింది. ఒప్పుకోని డిగ్రీ విద్యార్థినిని హాస్టల్ నుంచి పంపేసింది. ఇంటర్నెట్ అందుబాటు చదువుకునే హక్కులోనూ, వ్యక్తిగత గోప్యతలోనూ భాగమని చెప్పి కోర్టు ఆమెను తిరిగి చేర్చుకోమంది. ఆమె మేజర్. హైస్కూలు పిల్లల విషయంలో తల్లిదండ్రుల మాటకు ఇంకా ఎక్కువ బరువు ఉంటుంది, ఉండాలి కూడా. కానీ జాగ్రత్త పేరుతో ఆడపిల్లకు మాత్రమే తలుపు మూసేయడం జాగ్రత్త అనిపించుకోదు.

దీనికి అందరికీ ఫోన్లు కొనివ్వడమే మార్గమని అనుకోనక్కర్లేదు. నెట్‌వర్క్ చర్చ అంతా రాత్రి ఇంట్లోనే జరగాలన్న రూలు ఏమీ లేదు. కంప్యూటర్ ల్యాబ్ ఉన్న హైస్కూళ్లు ఎన్నో ఉన్నాయి. వారానికి ఒక పీరియడ్ ఆ ల్యాబ్‌లో గ్రూపు చర్చకు కేటాయిస్తే, ఇంట్లో ఫోన్ దొరకని పిల్ల కూడా తన ప్రశ్న పెట్టగలదు, ఇంకొకరి ప్రశ్నకు జవాబు రాయగలదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబర్‌లో ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు ఇచ్చారు. అందులో వీడియో పాఠాలు ఉన్నాయి. పిల్లలు ఒకరితో ఒకరు పాఠం గురించి మాట్లాడుకునే చోటు గురించి అప్పుడు పెద్దగా చర్చ జరగలేదు. పరికరం ఇచ్చే ప్రతి పథకంలోనూ ఇదే లోటు కనిపిస్తుంది. పాఠం పిల్లవాడికి చేరితే చాలు, పిల్లవాడి మాట ఎక్కడికీ చేరనక్కర్లేదు అన్నట్టుగా ఉంటాయి ఆ పథకాలు.

భాష సంగతి కూడా ఇక్కడే చూడాలి. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లిష్ మీడియం మొదలైంది. ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదురు పేజీలో తెలుగు ఉన్న పుస్తకాలు రెండు రాష్ట్రాల్లోనూ వచ్చాయి. అయినా తరగతిలో ఇంగ్లిష్‌లో ప్రశ్న అడగలేక నోరు మూసుకునే పిల్లలు బోలెడుమంది. గ్రూపులో వాళ్లకు వాయిస్ మెసేజ్ ఉంది. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసే అలవాటు ఉంది. 'కాంతి నీళ్లలోకి వెళ్లేటప్పుడు ఎందుకు వంగుతుంది?' అని తెలుగులో అడిగి, జవాబు తెలుగులో విని, పరీక్షకు ఇంగ్లిష్‌లో రాసుకోవచ్చు. ఈ వెసులుబాటును 'ఇంగ్లిష్‌లోనే టైప్ చేయాలి' అన్న రూలుతో కొన్ని స్కూళ్లు చేతులారా పోగొట్టుకుంటున్నాయి.

భద్రత నేర్పడం అంటే ఒక సెమినార్ పెట్టి ముగించేయడం మనకు అలవాటు. 2024 అసర్ నివేదిక ప్రకారం గ్రామీణ ప్రాంతాల్లో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో 82.2 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. అంతకు ముందు వారంలో దాన్ని చదువుకు వాడినవాళ్లు 57 శాతమైతే, సోషల్ మీడియాకు వాడినవాళ్లు 76 శాతం. ఆ సోషల్ మీడియా వాడేవాళ్లలో ఒక ప్రొఫైల్‌ను బ్లాక్ చేయడం లేదా రిపోర్ట్ చేయడం తెలిసినవాళ్లు 62 శాతం. ప్రొఫైల్‌ను ప్రైవేట్‌గా పెట్టుకోవడం తెలిసినవాళ్లు 55.2 శాతమే. అంటే పిల్లలు నీళ్లలో దిగిపోయారు, ఈత సగం మందికే వచ్చు. ఈ పని క్లాస్ గ్రూపులోనే, పెద్దలు పక్కన ఉండగా చేసి చూపించొచ్చు. డీపీ ఎవరికి కనిపించాలో సెట్ చేయడం, తెలియని నంబర్ నుంచి లింక్ వస్తే ఏం చేయాలో, ఎవరైనా బెదిరిస్తే 1098 చైల్డ్ హెల్ప్‌లైన్‌కు ఎలా చెప్పాలో ఒక గంట పని.

నిషేధాల గాలి ఇప్పుడు ప్రపంచమంతా వీస్తోంది. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబర్ 10 నుంచి 16 ఏళ్ల లోపు పిల్లలకు ఇన్‌స్టాగ్రామ్, టిక్‌టాక్, ఫేస్‌బుక్, యూట్యూబ్ వంటి వాటిలో ఖాతాలు ఉండకూడదన్న చట్టం అమల్లోకి వచ్చింది. గమనించాల్సిన విషయం ఏమిటంటే వాట్సాప్, గూగుల్ క్లాస్‌రూమ్ ఆ నిషేధం బయట ఉన్నాయి. ఆపకుండా స్క్రోల్ చేయించే ఫీడ్‌నూ, ఒక తరగతి పిల్లలు పని కోసం కలిసే చోటునూ అక్కడి చట్టం విడదీసి చూసింది. ఇక్కడి చర్చల్లో ఆ విభజన కనిపించదు. 'ఫోన్ చెడగొడుతుంది' అనో, 'డిజిటల్ యుగం' అనో రెండు చివరల్లోనే మాట తిరుగుతుంది. రీల్స్ చూస్తూ రాత్రి ఒంటిగంట దాకా మేలుకునే పిల్లవాడి సమస్యకు క్లాస్ గ్రూపు మూసేయడం మందు కాదు. క్లాస్ గ్రూపు బాగా నడిచినంత మాత్రాన ఆ సమస్య పోదు కూడా.

మన చట్టం సంగతికి వస్తే, 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది. వాళ్ల సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి, ఆ అనుమతి నిజమైనదో కాదో సరిచూసుకోవాలి. పిల్లల ప్రవర్తనను వెంటాడి గమనించడం, వాళ్లకు గురిపెట్టి ప్రకటనలు చూపించడం నిషిద్ధం. బడులకు తమ విద్యా అవసరాల మేరకు, పిల్లల భద్రత మేరకు కొంత సడలింపు ఉంది. నియమాలు 2025 నవంబర్‌లో వెలువడ్డాయి. ప్రధానమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు. ఈ గడువులో ప్రతి హైస్కూలూ తన దగ్గర ఎన్ని గ్రూపులు ఉన్నాయో, వాటిలో ఎవరున్నారో, పదో తరగతి అయిపోయిన పిల్లల నంబర్లు ఇంకా ఎందుకు ఉన్నాయో చూసుకోవడం మంచిది. మూడేళ్ల కిందట బదిలీ అయిపోయిన టీచర్ ఇంకా అడ్మిన్‌గా ఉన్న గ్రూపులు కూడా ఉంటాయి.

టీచర్ల మాట చివరికి వచ్చింది కానీ నిజానికి ముందే రావాలి. వాళ్లకు నెట్‌వర్క్ చర్చ కొత్త కాదు. కర్ణాటకలో ప్రభుత్వ హైస్కూలు టీచర్ల కోసం ఐటీ ఫర్ చేంజ్ అనే సంస్థ విద్యాశాఖతో కలిసి సబ్జెక్ట్ టీచర్ ఫోరమ్‌లు నడిపింది. గణితం టీచర్లు ఒకచోట, సైన్సు టీచర్లు ఒకచోట చేరి పాఠాల గురించి, చిక్కు లెక్కల గురించి కన్నడంలోనూ ఇంగ్లిష్‌లోనూ రాసుకున్నారు. అందులో తయారైన సామగ్రిని అందరూ వాడుకునేలా వికీలో పెట్టారు. ప్రశ్న అడగడం, తెలియదని ఒప్పుకోవడం, ఇంకొకరు చెప్పింది పేరుతో సహా గుర్తించడం టీచర్లే తమలో తాము చేసి చూస్తే, పిల్లల గ్రూపులో అదే వాతావరణం తేవడం వాళ్లకు సహజంగా వస్తుంది. ఆదేశాలు, ఫొటో రిపోర్టులు, అర్జెంట్ వివరాలు తప్ప ఇంకేమీ ఉండని స్టాఫ్ గ్రూపులో ఏళ్లతరబడి ఉన్న మనిషి, పిల్లల గ్రూపును కూడా అలాగే నడుపుతారు.

ఇప్పటికే మధ్యాహ్న భోజనం ఫొటోల నుంచి అటెండెన్స్ దాకా రకరకాల యాప్‌లతో టీచర్ల చేతులు ఖాళీ లేవు. రాత్రి ఇంట్లో కూర్చుని నలభైమంది డౌట్లు చూడమంటే అది జరగని పని, అడగడమే అన్యాయం. అందుకే గ్రూపు చిన్నదిగా, సబ్జెక్టు వారీగా, పదిహేను ఇరవైమందితో ఉండాలి. తల్లిదండ్రుల సమాచార గ్రూపు పూర్తిగా వేరే ఉండాలి. ప్రశ్న పెట్టేవాళ్లు తాము చేసిన ప్రయత్నాన్ని కూడా పెట్టాలన్న ఒక్క నియమం చాలు. మొదటి రోజు టీచర్ జవాబు చెప్పకుండా ఆగాలి, పిల్లలు ఒకరికొకరు చెప్పుకోనివ్వాలి. తప్పు దారి పడితేనే కలగజేసుకోవాలి. వాట్సాప్‌లో ఏదైనా రెండు రోజుల్లో పైకి పోయి కనిపించకుండా పోతుంది కాబట్టి, వారం చివర వంతులవారీగా ఒక విద్యార్థి ఆ వారం వచ్చిన మంచి ప్రశ్నలు, వాటి జవాబులు, ఎవరు చెప్పారో పేర్లతో సహా ఒక నోటు పుస్తకంలో రాసి తరగతిలో పెట్టాలి. ఫోన్ లేని పిల్లలు కూడా అందులోంచి చదువుకుంటారు, తమ ప్రశ్నను కాగితం మీద రాసి అందులో పెడితే గ్రూపులోకి ఎక్కించే బాధ్యత ఆ వారం వంతు ఉన్న పిల్లది. టీచర్ దీని మీద పెట్టే సమయాన్ని టైమ్‌టేబుల్‌లో వారానికి ఒక పీరియడ్‌గా చూపించాలి, ఆ పీరియడ్‌లో రాని టీచర్ బదులు వేరే తరగతికి పంపే సబ్‌స్టిట్యూషన్ వేయకూడదు. అది హెచ్ఎం స్థాయిలోనే తీసుకోగలిగిన నిర్ణయం.